మహానగరాల పాత ఫైరింజన్లు, నిచ్చెన బండ్ల ఫోటోల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సరదాలో కొత్తగా పడ్డవాళ్లు అడిగేవీ, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవీ దాదాపు ఇవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసీ రాసీ విసిగి, అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా మహానగరాలవి. నా పెట్టెల్లో ఉన్నవి అవే మరి. వరుసగా చదవనక్కరలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అన్ని నగరాల ఫోటోలూ సేకరించాలా, ఒక్క నగరానికే కట్టుబడాలా?

ఒక్క నగరంతో మొదలుపెట్టండి. ఒకే నగరం బండ్లను వంద చూస్తే కన్ను తనంతట తానే నేర్చుకుంటుంది. షికాగోనే తీసుకోండి. అక్కడి బండ్లు కింద ఎరుపు, పైన నలుపు. కుడివైపు ఒక ఆకుపచ్చ దీపం. 1920ల చివర అక్కడ అగ్నిమాపక కమిషనరుగా ఉన్న ఆల్బర్ట్ గుడ్‌రిచ్ ఓడల వ్యాపార కుటుంబంనుంచి వచ్చినవాడు. ఓడకు ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉన్నట్టే ఫైరింజన్లకూ పెట్టించాడు. ఇలాంటి గుర్తులు ప్రతి నగరానికీ ఏవో కొన్ని ఉంటాయి. ఇరవై నగరాలు ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఒక్కటీ వంటబట్టదు.

నగరం కాకుండా ఒక తయారీ సంస్థను పట్టుకోవడం రెండో దారి. మాక్, సీగ్రేవ్, అమెరికన్ లాఫ్రాన్స్, ఆరెన్స్ ఫాక్స్ పేర్లతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ దారిలో కేటలాగులు తోడవుతాయి గానీ, ఆ బండి పనిచేసిన వీధి వాసన అంతగా తగలదు.

ఇంజిన్, ట్రక్కు రెండూ ఒకటే కదా?

కాదు. అమెరికా అగ్నిమాపక వాడుకలో ఇంజిన్ అంటే నీళ్లు తోడే పంపు, గొట్టాలు ఉన్న బండి. ట్రక్కు అంటే నిచ్చెనలు మోసే బండి. ఆ బండిని షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో ట్రక్కు అంటే, న్యూయార్క్, బోస్టన్ ల్యాడర్ అంటాయి. దాని పాత పేరు హుక్ అండ్ ల్యాడర్. పాత అగ్నిమాపక కేంద్రాల ద్వారాల పైన రాతిలో చెక్కి ఉండేది చాలాసార్లు ఆ పేరే. లండన్‌లో వాడుక వేరు, అక్కడ పంపు, టర్న్‌టేబుల్ ల్యాడర్ అంటారు. వెతికేటప్పుడు ఆ నగరం వాడే మాటే వాడండి. న్యూయార్క్ ఫోటోల కోసం ట్రక్కు అని వెతికితే సగం కంటపడవు.

పాతది అంటే ఏ సంవత్సరం వరకు?

అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. గుర్రాల కాలం ముగింపు మాత్రం ఒక మంచి మైలురాయి. లండన్‌లో 1921లో, డెట్రాయిట్‌లో 1922 ఏప్రిల్‌లో, న్యూయార్క్‌లో 1922 డిసెంబరు 20న, షికాగోలో 1923 ఫిబ్రవరిలో అగ్నిమాపక గుర్రాలు సెలవు తీసుకున్నాయి.

గుర్రాలకూ మోటార్లకూ నడుమ ఒక వింత దశ ఉంది. వెనక ఆవిరి బాయిలరు, పొగగొట్టం ఉన్న పాత యంత్రం అలాగే ఉంటుంది, గుర్రాలు ఉండవలసిన చోట రెండు చక్రాల మోటారు ముక్క ఉంటుంది. అది జాన్ వాల్టర్ క్రిస్టీ తయారుచేసిన ముందుచక్రాల ట్రాక్టరు. మంచి ఆవిరి యంత్రాన్ని పారేయడానికి నగరాలకు మనసొప్పక, గుర్రాలను విప్పి దీన్ని తగిలించుకున్నాయి. నాకు ఈ అతుకుబొంత బండ్లంటేనే ఎక్కువ ఇష్టం.

అటు చివర చాలామంది మాక్ సంస్థ సిఎఫ్ నమూనా దగ్గర ఆగుతారు. అది 1967 నుంచి 1990 వరకు తయారైంది.

స్కాన్‌లు ఉచితంగా దొరుకుతుంటే అసలు ప్రింటు ఎందుకు?

బండి గురించి తెలుసుకోవడమే మీ ఉద్దేశమైతే స్కాన్ చాలు. కానీ ప్రింటుకు వెనకవైపు ఒకటి ఉంటుంది. ముద్రలు, పెన్సిలు రాతలు, పత్రికాఫీసు తేదీలు అక్కడే ఉంటాయి, స్కాన్ చేసేవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. ఎవరైనా స్కాన్ పంపుతానంటే వెనకవైపుదీ అడగండి.

## వెతకడం, కొనడం

మంచి ఫోటోలు ఎక్కడ దొరుకుతాయి?

చూడటానికైతే ముందు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్లండి. అక్కడ బెయిన్ న్యూస్ సర్వీస్ అనే పాత వార్తా ఫోటోల సంస్థ సేకరణలో సుమారు 40,000 గాజు నెగటివ్‌లు ఉన్నాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల న్యూయార్క్ మంటలు, గుర్రాల పరుగులు అందులో కనిపిస్తాయి. న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్‌లో 1939 నుంచి 1941 వరకు పన్నుల లెక్క కోసం నగరంలోని ప్రతి భవనానికీ తీసిన ఫోటోలున్నాయి. ఫైర్‌స్టేషన్లూ భవనాలే కదా. ఒక కేంద్రం ముఖం అప్పుడెలా ఉందో తెలిస్తే, పేరు లేని మరో ఫోటోలోని ఇటుక తోరణాన్ని పోల్చుకోవచ్చు.

కొనడానికైతే పాత బండ్ల ప్రియుల కూడళ్లు మేలు. అమెరికాలో పాత మోటారు ఫైరింజన్ల పరిరక్షణకు స్పామ్ఫా అనే సంఘం 1958లో ఏర్పడింది. మస్టర్ అని పిలిచే ఇలాంటివారి కూడళ్లలో బండ్లతోపాటు ఫోటోలూ చేతులు మారతాయి. పాత వస్తువుల సంతలు, మూతపడ్డ పత్రికల ఫోటో బీరువాలు, పదవీ విరమణ చేసిన అగ్నిమాపకుల ఇళ్లలోని అట్టపెట్టెలు ఆ తర్వాత. చివరిదాంట్లో దొరికేవే మంచివి. అక్కడికి వెళ్లినప్పుడు ఫోటోలతోపాటు మాటలూ రాసుకోండి.

కంపెనీ తీయించిన ఫోటో మంచిదా, వీధిలో తీసింది మంచిదా?

కొత్త బండిని నగరానికి అప్పగించే ముందు తయారీ సంస్థలు పెద్ద నెగటివ్ మీద పక్కనుంచి ఫోటో తీయించేవి. అందులో ప్రతి బోల్టూ కనిపిస్తుంది, బంగారు రేకు అక్షరాలు మెరుస్తాయి. బండి నమూనాను నిర్ధారించడానికి అంతకన్నా సాక్ష్యం లేదు.

అయినా ఒక్కటే కొనుక్కోమంటే నేను వీధి ఫోటోకే ఓటేస్తాను. మడ్‌గార్డు మీద బురద, మెట్టు మీద ఎవరో మరచిన చేతి తొడుగు, పక్కన నిలబడి చూస్తున్న పిల్లవాడు, గొట్టాల మీద గడ్డకట్టిన మంచు ఉన్న ఫోటోలో బండి పని చేస్తున్నట్టు ఉంటుంది. ఊరేగింపుల ఫోటోలు మాత్రం నాకు రుచించవు. అందరూ అవే తీశారు.

ఈ పోస్టుకార్డు నిజమైన ఫోటోనా, అచ్చేసిందా?

పదింతలు చూపే భూతద్దం పెట్టి ఆకాశమో గోడో ఉన్న చోట చూడండి. వరుసగా చుక్కలు కనిపిస్తే అది అచ్చు. చుక్కలు లేకుండా నలుపు నుంచి తెలుపుకు నునుపుగా మారితే ఫోటో కాగితం మీద తీసిందే.

నిజమైన ఫోటో కార్డయితే వెనక స్టాంపు అంటించే గడిని చూడండి. ఏజో అనే రకం ఫోటో కాగితం గడి మూలల్లో నాలుగు త్రిభుజాలూ పైకి చూస్తుంటే ఆ కాగితాన్ని సాధారణంగా 1904 నుంచి 1918 వరకు, రెండు పైకీ రెండు కిందికీ ఉంటే 1918 నుంచి 1930 వరకు లెక్కిస్తారు. వెనకభాగం చిరునామాకూ ఉత్తరానికీ రెండుగా చీలి ఉంటే, అమెరికాలో అది 1907 మార్చి తర్వాతి కార్డు.

1920ల ఫోటో అంటూ అమ్ముతున్నారు. నమ్మవచ్చా?

బొమ్మ 1920లదే కావచ్చు, కాగితం కాకపోవచ్చు. పాత నెగటివ్ నుంచి యాభై ఏళ్ల తర్వాత తీసిన ప్రింట్లు బోలెడు తిరుగుతున్నాయి. అందులో మోసం ఏమీ లేదు, అమ్మేవాడు ఆ మాట చెప్పినంత వరకు.

చీకట్లో అతినీల లోహిత దీపం పెట్టి చూడండి. కాగితం నీలంగా వెలిగిపోతుంటే అందులో తెలుపు పెంచే రసాయనం ఉందన్నమాట. ఫోటో కాగితాల్లోకి అది వచ్చింది 1950ల మధ్యనుంచి. వెలగకపోతే పాతదేనని తీర్మానించకండి, తర్వాతి కాగితాలన్నిట్లో అది లేదు. ఇంకో పరీక్ష చేతితో. వెనకవైపు ప్లాస్టిక్‌లా జారుతూ ఉంటే అది 1960ల చివరనుంచి వాడుకలోకి వచ్చిన రెసిన్ పూత కాగితం.

ధర ఎలా అంచనా వేయాలి?

బండి అరుదుదనం కన్నా సమాచారమే ధర పెంచుతుంది. నగరం, కేంద్రం నంబరు, తేదీ, తీసినవారి ముద్ర ఉన్న సాదా ఫోటో, ఏమీ తెలియని అందమైన ఫోటోకన్నా ఎక్కువ పలుకుతుంది. గుర్తింపు నేర్చుకుంటే లాభం అక్కడే ఉంది. ఊరూ పేరూ లేని ఫోటోను చవగ్గా కొని, దానికి ఊరూ పేరూ మీరే పెట్టవచ్చు.

స్లయిడ్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. కొనాలా, వద్దా?

ఏ ఫిల్మో చూడండి. కోడాక్రోమ్ స్లయిడు ఫిల్మ్ 1936లో వచ్చింది. చీకట్లో ఉంచితే దాని రంగు దశాబ్దాలు చెక్కుచెదరదు. అదే ప్రొజెక్టరులో పదేపదే వేస్తే మాత్రం పాలిపోతుంది. పాత ఎక్టాక్రోమ్, ఇంకా కొన్ని చవక ఫిల్ములు చీకట్లో కూర్చునే గులాబీకి తిరుగుతాయి. స్కాన్ చేసి కొంతవరకు సరిదిద్దవచ్చు గానీ, ఎరుపు బండి అసలు ఏ ఎరుపో ఇక చెప్పలేం. అరుదైన బండి అయితే కొనండి. లేదంటే ఆ డబ్బుతో మంచి కోడాక్రోమ్ ఒక్కటి కొనుక్కోండి.

చాలా కోడాక్ అట్టల మీద నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. అది ఫిల్ము కడిగిన నెల. వేసవిలో తీసిన రీలును క్రిస్మస్ దాకా కెమెరాలోనే ఉంచుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

## బండిని గుర్తించడం

ఫోటో వెనక ఏమీ రాసి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి: బండి వయసు వేరు, ఫోటో వయసు వేరు. మహానగరాల్లో ఒక బండి ఇరవై ఏళ్లు పనిచేయడం మామూలే. 1930ల బండిని 1950లలో తీసిన ఫోటోలు కొల్లలు. రెండు తేదీలూ విడివిడిగా కనుక్కోవాలి.

బండి వయసు దాని ముక్కు చెబుతుంది. రేడియేటరు పైన బుల్‌డాగ్ బొమ్మ ఉంటే మాక్, అది 1932కు ముందుది కాదు. ముక్కు మధ్యలో గ్రిల్లులోనే సైరన్ ఇమిడి ఉంటే, సంస్థ డెబ్బయ్యో ఏట 1951లో సీగ్రేవ్ తెచ్చిన నమూనా గానీ దాని తర్వాతిది గానీ. డ్రైవరు ఇంజనుకన్నా ముందు, దాదాపు బంపరు మీద కూర్చున్నట్టుంటే 1940ల చివర అమెరికన్ లాఫ్రాన్స్ తెచ్చిన 700 వరుసను ముందు అనుమానించండి. నాలుగు హెడ్‌లైట్లుంటే 1950ల చివరకో ఆ తర్వాతకో వెళ్లండి.

ఫోటో వయసును బండి చుట్టూ వెతకాలి. ఆగి ఉన్న కార్లలో అన్నిటికన్నా కొత్తది ఏది, సినిమాహాలు బోర్డు మీద ఏ బొమ్మ, జనం టోపీలు పెట్టుకున్నారా లేదా, ట్రాము పట్టాలు ఇంకా ఉన్నాయా చూడండి. బండికి తర్వాత బిగించిన వస్తువులూ ఫోటో వయసునే చెబుతాయి. 1935 బండి పైన గిర్రున తిరిగే దీపం ఉంటే ఫోటో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతిది.

వెనక స్టూడియో ముద్ర ఒక్కటైనా ఉంటే అదృష్టమే. అమెరికా చిరునామాలో నగరం పేరు పక్కన ఒకటి రెండు అంకెలే ఉంటే 1943 నుంచి 1963 వరకు నడిచిన పాత తపాలా మండలం. ఐదంకెలుంటే 1963 తర్వాతి జిప్ కోడ్. ముద్ర కాలమూ ప్రింటు కాలమూ ఒకటే అనుకోవచ్చు, బొమ్మ కాలం మాత్రం అంతకు ముందుది కావచ్చు.

ముందు మెరిసే పెద్ద గుండు ఉన్న బండి ఏది?

ఆరెన్స్ ఫాక్స్. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో తయారయ్యేది. ఈ సరదాలో లేనివాళ్లు కూడా దాన్ని చూడగానే ఆగిపోతారు.

గుండు అలంకారం కాదు. ఈ బండికి పిస్టన్ పంపు ముందుభాగంలోనే ఉంటుంది. పిస్టన్లు కదిలినప్పుడల్లా నీరు కుదుపులు కుదుపులుగా వస్తుంది. గుండులోని గాలి ఆ కుదుపును తనలోకి నొక్కుకొని, తిరిగి వదిలి, ధారను నిలకడగా ఉంచుతుంది. ఫోటో బాగుంటే ఆ గుండులోకి చూడండి. వీధి మొత్తం వంగి ప్రతిబింబిస్తుంది. నా దగ్గరున్న ఒక ప్రింటులో కెమెరా ముక్కాలి, దాని వెనక వంగిన మనిషి కూడా అందులో ఉన్నారు. తీసినవారి పేరు తెలియదు, ఆకారం మాత్రం దొరికింది.

ఎర్రగా ఉండవలసిన బండి పాత ఫోటోలో నల్లగా ఎందుకుంది? అప్పట్లో నలుపు రంగు వేసేవారా?

బండి చాలావరకు ఎర్రదే, ఫిల్ముకే ఎరుపు కనిపించలేదు. ఆర్థోక్రోమాటిక్ అనే ఆ తరహా ప్లేట్లు, ఫిల్ములు నీలాన్ని, ఆకుపచ్చను పట్టుకుంటాయి గానీ ఎరుపు వాటికి చీకటితో సమానం. అందుకే ఎర్ర రంగు బొగ్గులా పడుతుంది, నీలాకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది. అన్ని రంగులనూ చూడగల పాన్‌క్రోమాటిక్ ఫిల్ములు 1920లు, 30లలో వాడుకలో స్థిరపడ్డాక ఎరుపు బూడిద రంగుగా రావడం మొదలైంది.

కాబట్టి నలుపు తెలుపు ఫోటో చూసి బండి రంగు చెప్పేవారిని నమ్మకండి. 1970లలో చాలా నగరాలు కొంతకాలం నిమ్మపసుపు రంగుకు మళ్లాయి. ఆ బండ్లు నలుపు తెలుపులో తెల్లటి బండ్లలా పడి ఇంకో రకంగా బోల్తా కొట్టిస్తాయి.

నిచ్చెన బండి వెనక చివర ఇంకో మనిషి స్టీరింగు పట్టుకొని కూర్చున్నాడు. ఎందుకు?

బండి మరీ పొడవు కావడం వల్ల. ముందు ట్రాక్టరు, వెనక నిచ్చెన మోసే ట్రెయిలరు. వీధి మలుపులో వెనక చక్రాలను తిప్పడానికి వెనక ఒక చోదకుడు కావాలి. అతన్ని టిల్లర్‌మ్యాన్ అంటారు. పాత బండ్లలో అతని సీటు నిచ్చెన మీదే ఉండేది. మంట దగ్గరికి చేరాక నిచ్చెన లేపాలంటే ముందు సీటును, స్టీరింగును పక్కకు తప్పించాలి. అలా తప్పిస్తున్న క్షణంలో తీసిన ఫోటో దొరికితే వదలకండి, చాలా అరుదు.

నిచ్చెన చెక్కదా లోహానిదా చూడండి. చెక్క నిచ్చెన పక్కకొయ్యలు మందంగా, నునుపుగా ఉంటాయి. లోహపుది జాలీలా, వంతెన పక్కగోడలా కనిపిస్తుంది. అమెరికాలో లోహపు నిచ్చెనలు 1930లలో వచ్చాయి. చక్రాల మీద నిలిచి లేచే నిచ్చెనను అక్కడ పనికొచ్చేలా తొలిసారి చేసినవాడు శాన్ ఫ్రాన్సిస్కో అగ్నిమాపక విభాగానికి చెందిన డేనియల్ హేస్, 1868లో. అదే నగరం చేత్తో ఎత్తే నిచ్చెనలను ఈనాటికీ తన సొంత కార్ఖానాలో చెక్కతోనే చేయించుకుంటోంది. తలపైన ఎక్కడ చూసినా కరెంటు తీగలున్న ఊరిలో చెక్క మేలు.

నిచ్చెనలా ఉంది గానీ మెట్లు లేవు. ఇదేమిటి?

రెండింటిలో ఒకటి కావచ్చు. సన్నటి స్తంభం లేచి నిలబడి, కొసన గొట్టపు మూతి ఉంటే అది వాటర్ టవర్. పై అంతస్తుల కిటికీల్లోకి నీళ్లు కొట్టడమే దాని పని, మనిషి ఎక్కడు. పాత అమ్మకాల జాబితాల్లో దీన్ని నిచ్చెన బండి అనే రాస్తుంటారు, చవగ్గా దొరికే అవకాశం అక్కడే.

మోచేయిలా మడిచే చేయి, దాని కొసన మనుషులు నిలబడే తొట్టి ఉంటే స్నార్కెల్. చెట్ల కొమ్మలు కొట్టే తొట్టి యంత్రాన్ని చూసి షికాగో కమిషనర్ రాబర్ట్ క్విన్ 1958లో దాన్ని మంటల పనికి తెచ్చాడు. మడవకుండా ఒకదానిలోంచి ఒకటి సాగే చేయి, కొసన తొట్టి ఉంటే టవర్ ల్యాడర్. న్యూయార్క్‌కు 1964లో 75 అడుగుల మాక్ ఏరియల్‌స్కోప్‌తో అది వచ్చింది.

ఒకే నంబరుతో రెండు రకాల బండ్లు కనిపిస్తున్నాయి. ఏది నిజం?

రెండూ నిజమే. తలుపు మీద ఉన్నది బండి నంబరు కాదు, దాన్ని నడిపే అగ్నిమాపక దళం నంబరు. దళం వందేళ్లు ఉంటుంది, బండ్లు వస్తూ పోతూ ఉంటాయి. పైగా బండి ఒక దళంలో పదేళ్లు చేసి, ఇంకో దళానికి మారి, చివరకు అదనపు బండిగా మిగిలి ఎవరి నంబరు పడితే వారి నంబరు మోస్తుంది.

నేను ఇందులో బాగానే దెబ్బతిన్నాను. ఒక పంపు బండి ఫోటో 23 నంబరుతో, ఇంకొకటి 41తో కొని, రెండు బండ్లుగా రెండు పెట్టెల్లో రెండేళ్లు దాచుకున్నాను. ఒకరోజు రెండూ బల్ల మీద పక్కపక్కన పడ్డాయి. ఎడమ మెట్టు వెనక చివర ఒకే సొట్ట, అదే చోట, అదే వంపు. ఒకే బండి.

అందుకే సొట్టలు, రివెట్ల వరుస, గంట వేలాడే తీరు, అతుకేసిన రేకు నమోదు చేసుకోవాలి. బండికి సొంత గుర్తింపు కావాలంటే తయారీ సంస్థ వరుస సంఖ్య గానీ, నగరం తన కార్ఖానా లెక్క కోసం వేసిన సంఖ్య గానీ చూడాలి. న్యూయార్క్‌లో 20వ శతాబ్దం చివరి దశాబ్దాల బండ్ల మీద ఇది చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. తయారీదారుకు ఒక అక్షరం, బండి రకానికి ఒక అక్షరం, ఆపైన సంవత్సరపు చివరి రెండంకెలు, వరుస సంఖ్య.

న్యూయార్క్ బండి పైన చెక్క పలకలతో గుడిసెలాంటి కప్పు ఉంది. ఎవరైనా సరదాకు చేశారా?

సరదా ఏమీ కాదు. 1960ల రెండో సగంలో అల్లర్ల వేళ పైకప్పు లేని బండ్ల మీద సీసాలు, ఇటుకలు వచ్చి పడేవి. కొత్త బండ్లు వచ్చేదాకా ఉన్నవాటికే ప్లైవుడ్‌తో కప్పులు కొట్టించుకున్నారు. అందం లేదని సేకర్తలు చాలాకాలం వీటిని పక్కన పెట్టారు. నా లెక్కలో ఆ దశాబ్దపు నగరాన్ని ఒక్క ఫ్రేములో చూపేవి ఇవే. రెండు కప్పులు ఒకేలా ఉండవు కాబట్టి గుర్తింపుకూ బాగా పనికొస్తాయి.

సూపర్ పంపర్ అని అమ్ముతున్న ఫోటోలో మామూలు బండే ఉంది. మోసమా?

పొరపాటు కావచ్చు. న్యూయార్క్ 1965లో సేవలోకి తెచ్చిన సూపర్ పంపర్ ఒక్క బండి కాదు, ఐదు బండ్ల జట్టు. పెద్ద ట్రెయిలరులో నేపియర్ డెల్టిక్ డీజిల్ ఇంజనుతో నిమిషానికి 8,800 గ్యాలన్లు తోడే పంపరు, దాని వెంట టెండరు అనే గొట్టాల బండి ఒకటి, శాటిలైట్ అనే తోడు బండ్లు మూడు. రూపకల్పన ఓడల శిల్పి విలియం ఫ్రాన్సిస్ గిబ్స్‌ది, నిర్మాణం మాక్‌ది. 1982లో విరమించింది. శాటిలైట్లు చూడటానికి మామూలు మాక్ బండ్లలాగే ఉంటాయి, వీపు మీది భారీ నీటి ఫిరంగిని చూసి పోల్చుకోవాలి.

## దాచడం

ఏ కవర్లలో పెట్టాలి?

పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లు మంచివి. పీవీసీ వద్దు, కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదులుతుంది. కొత్త కవరు తెరవగానే కొత్త వాన కోటు వాసన వస్తే అది పీవీసీయే. పెట్టెలు ఆమ్లం లేని అట్టవి తీసుకోండి. అటక మీద వేడి, నేలమాళిగలో తేమ. మనుషులు హాయిగా ఉండే గదిలో, ఎండ తగలని అలమారాలో ఉంచండి.

ఫోటో వెనక రాయవచ్చా?

మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, ఫోటోను గాజు మీద బోర్లా పెట్టి, ఒత్తకుండా. బాల్‌పెన్ను వద్దు. నేను మొదట్లో ఒక నిచ్చెన బండి వెనక బాల్‌పెన్నుతో గట్టిగా రాసిన నంబరు, ఇప్పుడు ఏటవాలు వెలుతురులో చూస్తే ఆకాశంలో తిరగబడి కనిపిస్తుంది. రెసిన్ పూత కాగితం మీద పెన్సిలు పట్టదు. దానికి కవరులో చీటీ పెట్టండి.

నెగటివ్‌ల డబ్బా తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది. ఏం చేయాలి?

వినెగర్ వాసనైతే అసిటేట్ ఫిల్ము చెడిపోతోంది. ఒకటి చెడితే పక్కవాటినీ చెడగొడుతుంది. వేరుచేసి, వెంటనే స్కాన్ చేసి, చల్లగా ఉంచండి.

అంచు మీద నైట్రేట్ అని రాసి ఉన్నా, పాత ఫిల్ము జిగటగా, పసుపుగా మారుతున్నా విషయం వేరు. 1950ల మొదటి వరకు వాడుకలో ఉన్న ఆ ఫిల్ము అంటుకుంటే ఆర్పలేం. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది, నీటిలో ముంచినా మండుతుంది. ఇంట్లో కుప్పగా పెట్టుకోవద్దు, స్కానరు దీపం కింద వేడెక్కనివ్వవద్దు. ఏదైనా ఆర్కైవ్‌ను గానీ స్థానిక అగ్నిమాపక కేంద్రాన్ని గానీ సలహా అడగండి. ఫైరింజన్ల ఫోటోల కోసం ఫైరింజన్‌ను పిలిపించుకున్న సేకర్తగా మిగిలిపోకండి.

పాత ఆల్బం కొన్నాను. ఫోటోలు విడదీసి వర్గాలుగా పెట్టుకోవచ్చా?

తొందరపడకండి. ఒక అగ్నిమాపకుడు అంటించుకున్న వరుసలోనే సగం సమాచారం ఉంటుంది. పేరు లేని ఫోటోకు పక్కనున్న ఫోటోయే సాక్ష్యం. ముందు ప్రతి పుటనూ పూర్తిగా స్కాన్ చేయండి. ఆ తర్వాత కూడా జిగురు గానీ పుట గానీ ఫోటోను పాడుచేస్తుంటేనే విడదీయండి.

## స్కాన్, హక్కులు, జాబితా

ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలి?

ప్రింట్లకు అంగుళానికి 600 చుక్కలు, 35 మిల్లీమీటర్ల స్లయిడ్లకు సుమారు 4,000. అసలు ప్రతి టిఫ్ ఫైలుగా, పంచుకోవడానికి చిన్న జేపెగ్ ఫైలు విడిగా. దుమ్మును తానే చెరిపే పరారుణ సదుపాయాన్ని నలుపు తెలుపు ఫిల్ముకు వాడకండి, వెండి రేణువులను దుమ్మనుకొని చెరిపేస్తుంది. కోడాక్రోమ్‌తోనూ అది తికమకపడుతుంది. నిచ్చెన మెట్లు మాయమైన స్కాన్‌లు చూశాను.

ఫోటో నేను కొన్నాను. నా ఇష్టమొచ్చినట్టు ప్రచురించుకోవచ్చు కదా?

ప్రింటు మీది, హక్కు మీది కాకపోవచ్చు. అమెరికా చట్టంలో ఆ రెండూ వేరు. అక్కడ 1978కి ముందు ప్రచురితమైన ఫోటోకు హక్కు గరిష్ఠంగా ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1964కు ముందు ప్రచురితమైనవాటికి ఇరవై ఎనిమిదో ఏట హక్కును పునరుద్ధరించకపోతే అది అప్పుడే పోయింది. ఎన్నడూ ప్రచురించని ఫోటోకు తీసినవారు పోయాక 70 ఏళ్లు. తీసినవారు తెలియకపోతే తీసిన నాటినుంచి 120 ఏళ్లు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో తీసినదానికి హక్కు లేదు. కానీ నగర అగ్నిమాపక విభాగం ఫెడరల్ ప్రభుత్వం కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

జాబితాలో ఏమేం రాసుకోవాలి?

నగరం, దళం రకం, నంబరు, తయారీదారు, నమూనా, బండి సంవత్సరం, ఫోటో సంవత్సరం, ఎవరు తీశారు, ఎవరి దగ్గర కొన్నారు. వీటికన్నా ముఖ్యమైన గడి ఇంకొకటి ఉంది: ఈ సంగతి మీకెలా తెలిసింది? వెనక రాసి ఉందా, మీరు ఊహించారా, అమ్మినవాడు చెప్పాడా? ఆ గడి లేని జాబితాలో ఊహలు ఐదేళ్లలో వాస్తవాలై కూర్చుంటాయి.

ఫోటోలోని బండి ఇప్పటికీ ఎక్కడైనా ఉందేమో తెలుసుకోవచ్చా?

ప్రయత్నించవచ్చు. మహానగరాలు విరమింపజేసిన బండ్లను చిన్న ఊళ్లు కొని, తమ రంగు వేసుకొని, ఇంకో ఇరవై ఏళ్లు నడిపేవి. తయారీదారు వరుస సంఖ్య తెలిస్తే పాత బండ్ల సంఘాలనూ, అరిజోనా ఫీనిక్స్‌లోని హాల్ ఆఫ్ ఫ్లేమ్ లాంటి మ్యూజియంలనూ అడగండి. బండిని బాగుచేస్తున్నవారికి మీ ఫోటో ఎంత అవసరమో చెప్పలేను. ఒకాయన తన బండి తొలినాటి ఫోటో నా దగ్గర ఉందని తెలిసి ఉత్తరం రాశాడు. రంగు గురించి కాదు, అక్షరాల గురించీ కాదు. గంట తాడు ఎక్కడ కట్టేవారో చెప్పమన్నాడు. 600 చుక్కల స్కాన్‌ను పెద్దది చేసి చూస్తే, తాడు అధికారి కూర్చునే వైపు కమ్మీకి రెండు చుట్లు చుట్టి ఉంది.